ముగ్గుల కమిటీ సరే, పర్చేజ్ కమిటీ సంగతేంటి?

మార్చి మొదటి వారం వచ్చిందంటే తిరుపతి చుట్టుపక్కల కాలేజీల్లో, ఆఫీసుల్లో ఆడ స్టాఫ్‌కి చేతినిండా పని. ఫ్లెక్సీ ప్రింటింగ్‌కి ఇవ్వాలి. ముఖ్య అతిథిని పిలవాలి. శాలువాలు, మెమెంటోలు తెప్పించాలి. ముగ్గుల పోటీకి జడ్జీలను చూడాలి. ఎనిమిదో తేదీన మహిళా దినోత్సవ సభ బాగానే జరుగుతుంది. ఫొటోలు జియోట్యాగ్‌తో తీయిస్తారు, ఎందుకంటే లింగ సమానత్వం కోసం సంస్థ ఏం చేసిందో కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళకి ఏడో క్రైటీరియన్ కింద ఆధారాలు చూపించాలి. తెల్లారేసరికి ఆ ఫొటోలు ఫైల్లో చేరిపోతాయి.

ఆ సభల మీద నాకు చిన్నచూపు లేదు. పల్లెల నుంచి వచ్చే మా ఆడపిల్లలకి స్టేజీ ఎక్కి మైకు పట్టుకోవడం చిన్న విషయం కాదు. నా బాధ వేరే. సభను అంత ఘనంగా జరిపిన సంస్థలోనే, అదే ఏడాది, ఫైనాన్స్ కమిటీలోకి ఒక మహిళను తీసుకుందాం అంటే గదిలో ఎవరూ నోరు విప్పరు. వద్దు అని కూడా అనరు. "చూద్దాం మేడమ్" అని మీటింగ్ తర్వాతి అంశంలోకి వెళ్ళిపోతుంది. నాయకత్వంలో సమానత్వానికి ఎదురయ్యే అడ్డంకుల్లో అన్నిటికన్నా గట్టిది ఇదేనని చాలా ఏళ్ళ ఉద్యోగం తర్వాత నాకు అర్థమైంది. దాని గురించే రాస్తున్నాను.

వ్యతిరేకత అనగానే మనకు గొంతు చించుకుని అరిచే మనిషి గుర్తొస్తాడు. అలాంటి దృశ్యం 2010 మార్చి 8న రాజ్యసభలో దేశమంతా చూసింది. మహిళా రిజర్వేషన్ బిల్లు ప్రతులను కొందరు సభ్యులు సభలోనే చించిపారేశారు. మర్నాడు ఏమైంది? 186 ఓట్లతో బిల్లు నెగ్గింది. వ్యతిరేకంగా పడింది ఒకే ఒక్క ఓటు. అంత గొడవ చేసినవాళ్ళు ఒక్క రోజు మాత్రమే ఆపగలిగారు. అక్కడి నుంచి బిల్లు లోక్‌సభకి వెళ్ళింది. అక్కడ దాన్ని ఓటింగుకే పెట్టలేదు. పెద్ద పార్టీలన్నీ పైకి మద్దతిస్తూనే ఉన్నాయి, బిల్లు మాత్రం కదల్లేదు. 2014లో ఆ లోక్‌సభ గడువు తీరిపోయి, దాంతోపాటే బిల్లూ మురిగిపోయింది. 1996లో మొదటిసారి సభ ముందుకొచ్చిన ప్రతిపాదన చివరికి 2023లో 106వ రాజ్యాంగ సవరణగా చట్టమైంది. అందులో కూడా జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అని రాసిపెట్టారు. కాగితం చించినవాళ్ళు ఆపింది ఒక్క రోజు. ఔనంటూనే పక్కన పెట్టినవాళ్ళు ఆపింది ఏళ్ళ తరబడి.

పార్లమెంటులో జరిగిందే మన కాలేజీల్లో, సహకార సంఘాల్లో, కంపెనీల్లో చిన్న స్థాయిలో రోజూ జరుగుతోంది. అందుకే ఒక సంస్థలో సమానత్వం ఉందా లేదా అని చూడాలంటే వేదిక మీద ఎవరు కూర్చున్నారో చూడనక్కర్లేదు. డబ్బు చెల్లించే బిల్లు మీద సంతకం ఎవరిదో చూస్తే చాలు. ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలి, ఎవరిని పంపించాలి అనే కాగితం మీద ఎవరి సంతకం ఉందో చూస్తే చాలు.

విద్యాసంవత్సరం మొదట్లో మా కాలేజీలో కమిటీల జాబితా పెడతారు. ప్రిన్సిపాల్ గది బయట నోటీసు బోర్డు మీద నాలుగైదు పేజీలు పక్కపక్కనే పిన్ చేసి ఉంటాయి. ఈసారి పెన్సిల్ తీసుకుని, ఆడవాళ్ళ పేరు కనిపించిన చోటల్లా టిక్కు పెడుతూ చదివాను. కల్చరల్ కమిటీలో కన్వీనర్ మేడమ్, సభ్యుల్లో ఎక్కువమంది మేడమ్‌లే. లేడీస్ హాస్టల్, మహిళా సాధికారత సెల్, మ్యాగజైన్, రిసెప్షన్, ఎన్.ఎస్.ఎస్.: అన్నిట్లోనూ వరసగా టిక్కులు. యాంటీ ర్యాగింగ్‌లో సగం. ప్లేస్‌మెంట్ సెల్‌లో ఒకరున్నారు, ఆమె పని వచ్చిన కంపెనీల వాళ్ళకి భోజనం, వసతి చూడటం. ఎగ్జామ్ సెల్‌లో ఒకరున్నారు, ఆమె పని జవాబుపత్రాలకి కోడ్ నంబర్లు వేయించడం. ఆ తర్వాతి పేజీలో పర్చేజ్ కమిటీ, బిల్డింగ్ కమిటీ, ట్రాన్స్‌పోర్ట్, ఫైనాన్స్. అక్కడ నా పెన్సిల్‌కి పని పడలేదు.

అంటే, ఒళ్ళు వంచి చేసే పని ఉన్నచోట మేము కావాలి. కంప్యూటర్లు ఏ కంపెనీవి కొనాలి, బస్సుల కాంట్రాక్టు ఎవరికివ్వాలి, కొత్త బ్లాకు ఎవరు కట్టాలి అనే చోట మేము అక్కర్లేదు. మా ల్యాబులకి కావలసిన ఆసిలోస్కోపుల ఇండెంటు రాసేది మేడమ్. కొటేషన్లు తెరిచే గదిలో మాత్రం ఆమె ఉండదు. తీరా వచ్చిన పరికరం నాసిరకమైతే పిల్లల ముందు జవాబు చెప్పుకోవలసింది మళ్ళీ ఆమే.

ఆ జాబితాలో ఒక్క కమిటీ మాత్రం వేరుగా ఉంది. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ. దానికి అధ్యక్షురాలిగా సీనియర్ స్థాయి మహిళే ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, బయటి నుంచి ఒకరు ఉండాలి అని 2013 చట్టం చెప్తోంది. చట్టం అంత స్పష్టంగా ఉంది కాబట్టి అక్కడ "అర్హులు దొరకలేదు" అనే మాట ఎవరూ అనలేదు. వెతికారు, దొరికారు. వెతకాలనే అవసరం ఉంటే సీనియర్ మహిళలు దొరుకుతారనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఒకసారి స్టాఫ్ మీటింగ్‌లో ఒక ప్రతిపాదన పెట్టాను. హెచ్.ఓ.డి. పదవి మూడేళ్ళకోసారి సీనియారిటీ ప్రకారం మారాలని. యూనివర్సిటీల్లో శాఖాధిపతి పదవి అలాగే తిరుగుతూ ఉంటుంది, నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఆడవాళ్ళు, మగవాళ్ళు అనే మాటే నేను ఎత్తలేదు. కానీ సీనియారిటీ లిస్టులో మొదటి వరసలో ఇద్దరు మేడమ్‌లు ఉన్నారని గదిలో అందరికీ తెలుసు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దాయన ఒకరు, నేను ఇప్పటికీ ఎంతో గౌరవించే మనిషి, నెమ్మదిగా అందుకున్నారు.

"అట్టా కాదు మేడమ్. హెచ్.ఓ.డి. అంటే రాత్రి తొమ్మిదింటికి కూడా ఫోన్లొస్తాయి. ఇన్‌స్పెక్షన్ ఉంటే రెండ్రోజులు ఇంటి మొహం చూసేదానికి ఉండదు. వాళ్ళకి ఇల్లూ పిల్లలూ ఉండారు. ఎందుకమ్మా వాళ్ళకీ టెన్షన్? మంచికే చెప్తా ఉండా."

ఆయన మాటలో ద్వేషం ఒక్క రవ్వ కూడా లేదు. నిజంగా మంచికే చెప్పారు. కానీ ఆ ఇద్దరు మేడమ్‌లూ ఆ గదిలోనే, ఆయనకి నాలుగు కుర్చీల అవతల కూర్చుని ఉన్నారు. వాళ్ళను ఒక్క మాట అడగలేదు. వాళ్ళలో ఒకరు మామగారిని ఏళ్ళ తరబడి స్విమ్స్ ఆసుపత్రికి డయాలసిస్ కోసం తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, తిరిగి ఇంట్లో దించి, అటు నుంచి అటే కాలేజీకి వచ్చిన మనిషి. క్లాసు తప్పినట్టు నాకు గుర్తు లేదు. టెన్షన్ ఆమెకి కొత్తా? పదవి లేని టెన్షన్ అంతా మోయగలదని అందరూ ఒప్పుకుంటారు. పదవి ఉన్న టెన్షన్ దగ్గరికి వచ్చేసరికి ఆమె సున్నితమైపోతుంది.

ఇదే వాదన మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సైన్యంలో మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ (రిటైరయ్యేదాకా సర్వీసు), కమాండ్ పదవులు ఇవ్వడం మీద కేంద్ర ప్రభుత్వం కోర్టులో చెప్పిన కారణాలు చదివితే మా మీటింగ్ గుర్తొస్తుంది. గర్భం, పిల్లలు, ఇంటి బాధ్యతలు అన్నారు. సైనికులు ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన మగవాళ్ళు కాబట్టి మహిళా అధికారి ఆజ్ఞలను స్వీకరించేందుకు వాళ్ళు మానసికంగా ఇంకా సిద్ధంగా లేరన్నారు. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో కోర్టు ఆ వాదనలను తోసిపుచ్చింది. ఇవి ఆడవాళ్ళ మీద పాతుకుపోయిన అభిప్రాయాలే తప్ప కారణాలు కావని, కమాండ్ పదవులకు వాళ్ళను పూర్తిగా దూరం పెట్టడం సమానత్వ హక్కుకు విరుద్ధమని తీర్పిచ్చింది. ఆ పల్లె మగవాళ్ళ మీద వేసిన నింద గురించి కూడా ఒక మాట అనుకోవాలి. మా అన్నదమ్ములు, మా దగ్గర చదువుకున్న పిల్లలు, అందరూ పల్లెల వాళ్ళే. వాళ్ళ పేరు చెప్పి పైవాళ్ళు తమ అయిష్టాన్ని దాచుకోవడం నాకు చాలా అన్యాయంగా అనిపించింది.

అంతకు నలభై ఏళ్ళ ముందు, 1979లో, సి.బి. ముత్తమ్మ ఇదే కోర్టుకు వెళ్ళారు. ఇండియన్ ఫారిన్ సర్వీసులో చేరిన మొట్టమొదటి మహిళ ఆవిడ. మహిళా అధికారి పెళ్ళి చేసుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని, పెళ్ళయ్యాక కుటుంబ బాధ్యతలు పనికి అడ్డొస్తాయని ప్రభుత్వం అనుకుంటే రాజీనామా చేయించవచ్చని అప్పటి నిబంధన. అదే సర్వీసులో పెళ్ళయిన మగ అధికారికి అలాంటి షరతు లేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలను గట్టిగా తప్పుపట్టారు. కేసులు మారాయి, కాలం మారింది. కారణం మాత్రం ఒకటే: ఆమెకి ఇల్లుంది. మగవాడికి ఇల్లు లేదా మరి?

మన ప్రాంతంలో ఈ చర్చ వస్తే తప్పకుండా ఇంకో మాట వినిపిస్తుంది, "మనది అమ్మవారిని కొలిచే గడ్డ మేడమ్" అని. నిజమే. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడనివాళ్ళకి తిరుపతి తెలిసినట్టు కాదు. మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని, ఆడవేషంలో వచ్చి మొక్కు తీర్చుకునే ఊరు మనది. కానీ గంగమ్మ కథను ఒకసారి మళ్ళీ గుర్తు చేసుకోండి. ఊరి మీద అధికారం ఉందని ఆడవాళ్ళను చెరబట్టిన పాలెగాడిని ఆమె వదల్లేదు. వాడు దాక్కుంటే రోజుకో వేషం కట్టి వెతికింది, చివరికి దొరవేషంలో వచ్చి అంతం చేసింది. అది అధికారం ఎవరి చేతిలో ఉండాలి అని అడిగిన కథ. ఆ కథ తెలిసిన ఊళ్ళో పూజను పదవికి బదులుగా చూపించకూడదు.

తిరుపతిలో పైకి కనిపించని ఇంకో సంగతి ఉంది. బయటి ఊళ్ళవాళ్ళకి ఇది తట్టకపోవచ్చు. మా సంస్థలకు పైనుంచి ఎవరు వచ్చినా, ఇన్‌స్పెక్షన్ టీమ్ కానీ, యూనివర్సిటీ పెద్దలు కానీ, కంపెనీ హెచ్.ఆర్. వాళ్ళు కానీ, కొండకి తీసుకెళ్ళి దర్శనం చేయించి పంపడం ఆనవాయితీ. సిఫార్సు లేఖ సంపాదించడం, కొండ మీద గది చూడటం, తెల్లవారుజామునే కారు పెట్టి బ్రేక్ దర్శనానికి తీసుకెళ్ళడం, ఇదంతా చేసేది ఎప్పుడూ సార్లే. ఘాట్ రోడ్డులో పైకి ఓ ముప్పావు గంట, కిందికి ఓ ముప్పావు గంట, మధ్యలో లైన్లో నిలబడే సమయం, తర్వాత టిఫిను. కారు అలిపిరి దిగేసరికి వచ్చిన పెద్దమనిషికి మా సారు పేరు, ఊరు, పిల్లల చదువులు అన్నీ తెలిసిపోతాయి. ఆ తర్వాత ఏ కమిటీకైనా నిపుణుడు కావాలంటే ఆయనకి ఫోనొస్తుంది. రెండ్రోజులపాటు ఫైళ్ళన్నీ సర్ది, ప్రజెంటేషన్ తయారుచేసి, ప్రశ్నలకి జవాబులు చెప్పిన మేడమ్ పేరు ఆయనకి గుర్తుండదు. ఇందులో ఎవరూ ఎవరికీ అన్యాయం చేయాలనుకోలేదు. భక్తితో చేసే పనే. అయినా పదోన్నతికి కావలసిన పరిచయం అక్కడ పుడుతోంది, ఆ కారులో మాకు సీటు లేదు. సంస్థ తరఫున వెళ్ళే దర్శనం సంస్థ పనే అయినప్పుడు, ఆ డ్యూటీ కూడా అందరికీ వంతులవారీగా వేయాలని నేను అడిగాను. మా హెచ్.ఓ.డి. ఆశ్చర్యంగా చూశారు కానీ కాదనలేదు.

ఇక మెరిట్. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. కరస్పాండెంట్ గారి బంధువు కుర్చీలో కూర్చున్నప్పుడు, ఒకే ఊరివాళ్ళు నలుగురు ఒకే డిపార్ట్‌మెంట్‌లో చేరినప్పుడు మెరిట్ గురించి ఎవరూ మాట్లాడరు. ఒక మహిళ పేరు రాగానే అందరికీ గుర్తొస్తుంది. మెరిట్ మీద అంత గౌరవమే ఉంటే అది ఎప్పుడూ ఉండాలి కదా.

పైగా మనం మెరిట్‌ను కొలిచే తూకంలోనే తేడా ఉంది. ఈ మాట నేను కోపంతో అనడం లేదు, పరిశోధనలో తేలిన విషయం. పశ్చిమ బెంగాల్ పంచాయతీల్లో ప్రధాన్ (మన సర్పంచ్ లాంటి) పదవులను మహిళలకు రిజర్వు చేసే పద్ధతిని ఆధారంగా చేసుకుని లోరీ బీమన్, ఎస్తర్ డఫ్లో, రోహిణి పాండే మొదలైన ఆర్థికవేత్తలు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎస్తర్ డఫ్లోకి తర్వాత 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఊరి నాయకుడు మాట్లాడినట్టుగా ఒకే ప్రసంగాన్ని కొందరికి మగ గొంతుతో, కొందరికి ఆడ గొంతుతో వినిపించారు. ఒక్క అక్షరం తేడా లేదు. మహిళా ప్రధాన్‌ను ఎప్పుడూ చూడని ఊళ్ళలో మగవాళ్ళు ఆడ గొంతుకి తక్కువ మార్కులు వేశారు. రిజర్వేషన్ వల్ల మహిళ పాలన చూసిన ఊళ్ళలో ఆ తేడా పోయింది. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా తేలింది. వరసగా రెండుసార్లు రిజర్వు అయిన చోట్ల, ఆ తర్వాత రిజర్వేషన్ లేని సీట్లలో కూడా మహిళలు ఎక్కువగా పోటీ చేశారు, ఎక్కువగా గెలిచారు. ముందు అర్హత నిరూపించుకో, తర్వాత కుర్చీ ఇస్తాం అంటారు మనవాళ్ళు. కుర్చీలో కూర్చున్న మహిళను కళ్ళారా చూస్తే తప్ప ఆమె అర్హత కంటికి ఆనదు అని ఆ అధ్యయనం చెప్తోంది.

దీనికి అంత దూరం వెళ్ళనక్కర్లేదు కూడా. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం మన తిరుపతిలోనే ఆడపిల్లల కోసం శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది. అక్కడ వైస్ ఛాన్సలర్‌గా మహిళ ఉండటం ఎవరికీ వార్త కాదు. పరీక్షలు జరుగుతున్నాయి, భవనాలు లేచాయి, పిల్లలు పట్టాలు పుచ్చుకుని వెళ్తున్నారు. నాలుగు కిలోమీటర్లు ఇవతలికి రాగానే "ఆడవాళ్ళు అడ్మినిస్ట్రేషన్ చేయగలరా" అనే అనుమానం మళ్ళీ ఎక్కడి నుంచి వస్తుంది?

డబ్బు లెక్కల దగ్గరికే వద్దాం. మా చిన్నమ్మ పాకాల దగ్గర పల్లెలో డ్వాక్రా సంఘం లీడర్‌గా చేసింది. చదివింది ఏడో తరగతి. వాళ్ళ తీర్మానాల పుస్తకం నేను చూశాను. అట్టకి పాత క్యాలెండర్ కాగితం వేసి ఉంది. ప్రతి నెలా తేదీ వేసి, హాజరైన వాళ్ళ పేర్లు రాసి, పొదుపు ఎంత, అప్పు ఎవరికి, ఎందుకు, వాయిదా ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్నీ ఉన్నాయి. కింద అందరి సంతకాలు, ఒకరిద్దరివి వేలిముద్రలు. ఒక నెల తీర్మానం నాకు బాగా గుర్తుంది. ఒక సభ్యురాలు ఆవు కోసం అప్పు అడిగింది. ఆవు ధర ఎక్కువ చెప్తున్నారని ఇద్దరు వెళ్ళి వేరే చోట అడిగి వచ్చారు. తర్వాతే తీర్మానం రాశారు. పర్చేజ్ కమిటీ చేయవలసిన పని ఇదే కదా. మూడు కొటేషన్లు, పోల్చి చూడటం, కారణం రాయడం, సంతకం. బ్యాంకు వాళ్ళు ఆ సంతకాలను నమ్మి లక్షల్లో అప్పులిస్తున్నారు. మన జిల్లాలో ఏ పల్లెకి వెళ్ళినా ఇలాంటి సంఘాలు కనిపిస్తాయి. ఎం.టెక్., పీహెచ్.డీ. చదివిన మహిళకి కొటేషన్లు అర్థం కావని అనడానికి మనకి నోరెలా వస్తోంది?

ఇప్పుడు నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించిన వాదన దగ్గరికి వస్తాను. అది పెద్దవాళ్ళది కాదు, కుర్రవాళ్ళది. ఆ మీటింగ్ అయ్యాక మా డిపార్ట్‌మెంట్‌లో చేరి కొన్నేళ్ళే అయిన ఒక లెక్చరర్ నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "మేడమ్, మీరు చెప్పేది న్యాయమే. కానీ మా సంగతి ఎవరు చూస్తారు? జీతం మూడు నెలలకోసారి వస్తా ఉంది. అడ్మిషన్లు తెమ్మని ఎండాకాలమంతా ఊళ్ళు తిప్పతారు. రేపు ప్రమోషన్ ఉంటుందనే ఒక్క ఆశ. అదీ ఆడవాళ్ళకి ఇచ్చేస్తే మేమెందుకు ఇక్కడ?" అన్నారు.

ఆయన్ని సంకుచితుడని కొట్టిపారేయడం సులువు. నేను ఆ పని చేయను. ఆయన చెప్పిన కష్టంలో ఒక్కటీ అబద్ధం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పడితే ప్రైవేటు కాలేజీల్లో మొదట ఆగేది జీతాలే. వాళ్ళావిడ ప్రసవించినప్పుడు ఆయనకి ఒక్క రోజు కూడా పితృత్వ సెలవు దొరకలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు ఇస్తారు. ప్రైవేటు ఉద్యోగికి చట్టంలో ఆ హక్కే లేదు. అలాంటి మనిషికి సమానత్వం అనే మాట వినగానే తన దగ్గర మిగిలిన ఒక్క ఆశనూ లాక్కుంటున్నారని అనిపిస్తే తప్పేముంది?

కానీ ఆయన లెక్క చూసుకోవలసిన చోటు వేరే ఉంది. జీతం ఆపింది మహిళలు కాదు. ఆయన ప్రమోషన్ ఎప్పుడొస్తుందో, ఏ ప్రమాణం ప్రకారం వస్తుందో చెప్పే కాగితం మా సంస్థలో లేదు. ఆ కాగితం లేకపోవడమే ఇద్దరికీ నష్టం. రొటేషన్ పద్ధతి రాతపూర్వకంగా ఉంటే నాకు వంతు వచ్చినట్టే ఆయనకీ వస్తుంది. ఇప్పుడున్న పద్ధతిలో, పైవాళ్ళకి నచ్చిన ఒకే మనిషి పదిహేనేళ్ళు కూర్చుంటే, నాతోపాటు ఆయనా బయటే ఉంటారు. ప్రసూతి సెలవు సంగతి కూడా అంతే. 2017లో దాన్ని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు, మంచి పని. కానీ ఆ ఖర్చంతా యజమాని మీదే పెట్టారు. తండ్రికి ఒక్క రోజు కూడా ఇవ్వలేదు. దాంతో పెళ్ళీడుకొచ్చిన అమ్మాయి ఇంటర్వ్యూకి వస్తే యాజమాన్యం ఖర్చు లెక్క వేసుకుంటుంది. తండ్రికీ సెలవు ఉంటే, ఆ ఖర్చులో కొంత ప్రభుత్వం భరిస్తే, ఆ లెక్క ఆడపిల్ల ఒక్కదాని మీదే పడదు. ఈ మాటలన్నీ ఆయనతో చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు. "ఆలోచిస్తా మేడమ్" అని లేచారు. మళ్ళీ వచ్చి మాట్లాడతారనే నమ్మకం నాకుంది, ఎందుకంటే ఆయన తన అభ్యంతరాన్ని నా మొహం మీదే చెప్పారు. చెప్పిన అభ్యంతరానికి జవాబు ఇవ్వొచ్చు. లోపల దాచుకున్నదానికి ఏం జవాబిస్తాం?

ఇంతా చేసి కుర్చీ ఇచ్చినా పెత్తనం భర్తదే కదా, సర్పంచ్‌లను చూడటం లేదా అని అడిగేవాళ్ళున్నారు. చూస్తున్నాను. మన రాష్ట్రంలో పంచాయతీ స్థానాల్లో సగం మహిళలవి. 2021లో తిరుపతికీ, చిత్తూరుకీ మేయర్లయింది మహిళలే. పల్లెల్లో చాలాచోట్ల సర్పంచ్ అంటే ఆమె భర్తే అని ఊరంతా అనుకోవడమూ నిజమే. కేంద్ర నిధుల చెల్లింపులకి సర్పంచ్ పేరు మీద డిజిటల్ కీ ఇస్తారు. పంచాయతీ సెక్రటరీ బిల్లు పెడితే, సర్పంచ్ ఆ కీతో ఆమోదించాలి. ఆ కీ ఎవరి జేబులో ఉందో కనుక్కుంటే ఆ ఊళ్ళో అధికారం ఎవరిదో తెలిసిపోతుంది.

అయితే ఇది చదువులేని పల్లెల జబ్బు అనుకునే పట్నం వాళ్ళకి ఒక సంగతి గుర్తు చేయాలి. 2013 కంపెనీల చట్టం స్టాక్ మార్కెట్లో నమోదైన (లిస్టెడ్) కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక మహిళ ఉండాలంది. స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ మొదట 2014 అక్టోబరు గడువు పెట్టి, తర్వాత 2015 ఏప్రిల్ దాకా పొడిగించింది. గడువు ముంచుకొచ్చేసరికి చాలా కంపెనీలు యజమాని భార్యనో, కూతురినో, కోడలినో తెచ్చి కూర్చోబెట్టాయి. ఇంగ్లీషు మాట్లాడే, సూట్లు వేసుకునే పెద్దలు, పల్లెలో సర్పంచ్ భర్త చేసిన పనే చేశారు. అప్పుడు చట్టం దండగ అని ఎత్తేయలేదు. యజమాని కుటుంబంతో సంబంధం లేని స్వతంత్ర మహిళా డైరెక్టర్ ఉండాలని నిబంధన బిగించారు. మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలకి 2019 ఏప్రిల్ నుంచి, మొదటి 1000 కంపెనీలకి 2020 ఏప్రిల్ నుంచి. పంచాయతీల్లోనూ చేయవలసింది అదే. కీ ఆమె చేతికే ఇవ్వాలి, శిక్షణ ఆమెకే ఇవ్వాలి, మండల సమావేశంలో ఆమె కుర్చీలో వేరే మనిషి కూర్చుంటే లేపాలి. డమ్మీలను పెడుతున్నారు కాబట్టి రిజర్వేషనే వద్దనడం, తప్పు చేసినవాణ్ణి వదిలేసి ఆమెను శిక్షించడం అవుతుంది.

ఆడవాళ్ళకి ఆడవాళ్ళే శత్రువులు అనే మాట గురించి పెద్దగా రాయను. వంద మందికి ఒక్క కుర్చీ వేసి, దాని కోసం పోట్లాడుకున్నారని వాళ్ళనే వేలెత్తి చూపడం సబబు కాదు.

మీరు ప్రభుత్వ సంస్థలో ఉంటే కమిటీల జాబితాలు, సెలెక్షన్ బోర్డుల్లో ఎవరున్నారు అనే వివరాలు 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ప్రైవేటులో ఉంటే నోటీసు బోర్డూ పెన్సిలూ చాలు. లెక్క తీసి, నలుగురు కలిసి అడగండి. ఒక్కరే అడిగితే "మేడమ్‌కి పదవి మీద ఆశ" అంటారు. నలుగురు అడిగితే ఆ మాట అనడం కష్టం.

మా దగ్గర మేము అదే చేశాం. పర్చేజ్, ఫైనాన్స్, స్టాఫ్ సెలెక్షన్ కమిటీల్లో ఇద్దరేసి మహిళలు ఉండాలని రాసిచ్చాం. ఒక్కరైతే ఆమె మాట మినిట్స్‌లోకి ఎక్కదు, అందుకే ఇద్దరు. వాళ్ళలో ఒకరికి బిల్లుల మీద సంతకం చేసే అధికారం ఉండాలని, మీటింగులు సాయంత్రం ఐదు లోపల పెట్టాలని, ఆ వేళ మగవాళ్ళకీ ఇంటికెళ్ళే వేళేనని కూడా రాశాం. హెచ్.ఓ.డి. రొటేషన్ ప్రతిపాదన మళ్ళీ జతచేశాం. ఏ అంశమైనా కుదరదనుకుంటే ఎందుకు కుదరదో కారణం కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వమని అడిగాం.